దావీదు పరాక్రమశాలులు, విశ్వాసి నమ్మకత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలోని సంఘాలలో, ముఖ్యంగా యౌవనస్థుల కూడికలలో, దావీదు వెంట నడిచిన పరాక్రమశాలుల గురించి తరచుగా ప్రసంగాలు జరుగుతాయి. ఎనిమిది వందల మందిని ఒక్కడే ఎదుర్కొన్నవాడు, మంచు పడిన రోజున గుంటలోకి దిగి సింహాన్ని చంపినవాడు అని చెబుతుంటే పిల్లలు సైతం కదలకుండా వింటారు. కూడిక ముగిసిన తరువాత వచ్చే ప్రశ్నలు మాత్రం శౌర్యం గురించి కావు. వారి నమ్మకత్వం ఎవరి పట్ల, అది ఎంతవరకు సాగింది, ఎక్కడ ఆగవలసి ఉండగా ఆగలేదు అని విశ్వాసులు అడుగుతారు. ఆ ప్రశ్నలకు వాక్యం ఇచ్చే జవాబులను ఇక్కడ సాధ్యమైనంత శ్రద్ధగా వివరిస్తున్నాము.

ఈ పరాక్రమశాలుల వివరాలు బైబిలులో ఎక్కడ ఉన్నాయి?

ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నాయి. 2 సమూయేలు 23వ అధ్యాయం 8వ వచనం నుండి చివరి వరకు ఒక జాబితా ఉంది. 1 దినవృత్తాంతములు 11వ అధ్యాయంలో దాదాపు అదే జాబితా మరి కొన్ని పేర్లతో కలిపి ఉంది, 12వ అధ్యాయంలో వేర్వేరు గోత్రాల నుండి దావీదు దగ్గరికి వచ్చి చేరినవారి వివరాలు ఉన్నాయి. అయితే జాబితాలను మాత్రమే చదివితే మనుష్యులు అర్థం కారు. 1 సమూయేలు 22వ అధ్యాయంలో దావీదు అదుల్లాము గుహలో దాగిన నాటి నుండి 1 రాజులు 2వ అధ్యాయంలో, సింహాన్ని చంపిన ఆ బెనాయా సైన్యాధిపతి అయ్యే వరకు ఉన్న చరిత్ర అంతా వారి చరిత్రే.

వీరు మొదటి నుండే గొప్ప యోధులా?

కారు. 1 సమూయేలు 22:2 ప్రకారం దావీదు దగ్గరికి మొదట వచ్చినవారు ఇబ్బందులలో ఉన్నవారు, అప్పులపాలైనవారు, మనస్సు నొచ్చుకొన్నవారు. అటువంటివారు సుమారు 400 మంది చేరారు. దావీదు కూడా అప్పటికి రాజు కాడు, రాజు వెంటాడుతున్న మనిషి. అతని దగ్గర జీతం లేదు, పదవి లేదు, రేపటి భోజనానికి హామీ లేదు.

కౌలుకు చేసిన పొలం తుపానుకు పడిపోయి వడ్డీ మీద వడ్డీ కడుతున్నవారు, రొయ్యల చెరువుకు తెగులు తగిలి పెట్టుబడి అంతా పోగొట్టుకొన్నవారు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. ఆదివారం మందిరంలో వెనుక వరుసలో కూర్చొని, "నా వంటివాడు దేవునికి ఏమి పనికివస్తాడు" అని లోలోపల అనుకొనేవారు ఈ వచనాన్ని నెమ్మదిగా చదువుకోవాలని మనవి. ఆ 400 మంది గుహలోకి వచ్చినంత మాత్రాన వారి అప్పులు తీరాయని వాక్యం చెప్పడం లేదు. అప్పులతోనే, నొచ్చుకొన్న మనస్సుతోనే వారు చేర్చుకోబడ్డారు. తరువాతి సంవత్సరాలలో పరాక్రమశాలులుగా పేరు పొందినవారు ఆ గుహలో మొదలైన గుంపుతో కలిసి ఎదిగినవారే. వారిని ఎదిగేటట్లు చేసినది సుఖం కాదు, కలిసి అనుభవించిన కష్టం.

షమ్మా ఒక పప్పు చేను కోసం ప్రాణాన్ని ఎందుకు పణంగా పెట్టాడు?

2 సమూయేలు 23:11, 12 వచనాలలో ఈ సంగతి ఉంది. పప్పుధాన్యం నిండుగా పండిన ఒక చేనిలో ఇశ్రాయేలీయుల శత్రువులైన ఫిలిష్తీయులు గుంపుకూడారు, జనులు వారి ఎదుట నిలువలేక పారిపోయారు. ఆగే కుమారుడైన షమ్మా మాత్రం ఆ చేని మధ్య నిలిచి దానిని కాపాడాడు. యెహోవా గొప్ప రక్షణ కలుగజేశాడు.

ఆ చేను కోట కాదు, నగరం కాదు, దేవుని మందసం ఉన్న స్థలం కాదు. పారిపోయినవారి లెక్క ప్రకారం అది ప్రాణం పెట్టదగినది కాదు, ఆ లెక్క పైకి సబబుగానే కనబడుతుంది. అయితే ఆ చేనిని నమ్ముకొని ఒక కుటుంబం ఉంటుంది, వారి సంవత్సరపు తిండి అందులో ఉంటుంది. ఫిలిష్తీయులు పంటను దోచుకొనడం ఇశ్రాయేలీయులకు కొత్త కాదు. కెయీలా ఊరి కళ్ళాలను వారు దోచుకొంటున్నారని 1 సమూయేలు 23వ అధ్యాయంలో ఉంది. ఈ సంవత్సరం ఈ చేనిని వదిలితే వచ్చే సంవత్సరం పక్క చేను పోతుంది. ఏటిగట్టు సంగతి తెలిసిన డెల్టా మనిషికి ఇది వేరే వివరించనక్కరలేదు, ఎందుకంటే గండి పడే ముందు గట్టులో కనబడేది ఒక ఎండ్రకాయ బొరియ మాత్రమే.

విశ్వాసి జీవితంలో ఇటువంటి చేలు చాలా ఉంటాయి. ఇద్దరు ముగ్గురు మాత్రమే వచ్చే బుధవారపు ప్రార్థన, ఆరుగురు పిల్లలు ఉన్న సండే స్కూలు తరగతి, మంచం పట్టిన ఒక వృద్ధురాలి ఇంటికి వారానికి ఒకసారి వెళ్ళి వాక్యం చదివి వినిపించడం వంటివి ఎవరి దృష్టికీ రావు. కన్వెన్షన్ సభల వేదిక మీద నిలబడటానికి ముందుకు వచ్చేవారు దొరుకుతారు కాని, ఈ చేల మధ్య నిలబడటానికి మనుష్యులు కరవు. షమ్మాను ఆ జాబితాలో మొదటి ముగ్గురిలో ఒకనిగా చేర్చడానికి లేఖనం ఎన్నుకొన్న కార్యం ఈ చేను కాపాడటమే అన్న విషయం మా మనస్సును ప్రతిసారీ కదిలిస్తుంది.

ఎలియాజరు చేయి కత్తికి అంటుకొనిపోవడంలో మనకు ఏమి పాఠం ఉంది?

ఎలియాజరు కూడా ఆ మొదటి ముగ్గురిలో ఒకడు, అతని సంగతి 2 సమూయేలు 23:9, 10 వచనాలలో ఉంది. ఫిలిష్తీయులతో యుద్ధంలో ఇశ్రాయేలీయులు వెళ్ళిపోయిన తరువాత కూడా అతడు యుద్ధం చేస్తూనే ఉన్నాడు. చేయి తిమ్మిరెక్కి కత్తిని వదలలేని స్థితికి వచ్చింది. అలసట అవిశ్వాసానికి గుర్తు కాదని ఈ వచనం చెబుతుంది. అతడు అలసిపోయాడు, అయినా విడిచిపెట్టలేదు. ఇంకొక మాట కూడా అక్కడ ఉంది, దానిని మనం దాటి వెళ్ళిపోతుంటాము. జనులు దోపుడుసొమ్ము పట్టుకొనడానికి మాత్రమే అతని వెనుక తిరిగి వచ్చారు. ఎలియాజరు వారిమీద సణిగినట్లు ఎక్కడా రాయబడలేదు.

ప్రాణాలకు తెగించి తెచ్చిన నీళ్ళను దావీదు పారబోయడం ఆ ముగ్గురిని అవమానించడం కాదా?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడుగుతారు, అడగవలసిన ప్రశ్న కూడా. కోతకాలంలో దావీదు అదుల్లాము దగ్గర ఉన్నాడు. ఫిలిష్తీయుల దండు రెఫాయీము లోయలో దిగి ఉంది, వారి కావలి దండు అతని సొంత ఊరైన బేత్లెహేములో ఉంది. బేత్లెహేము గవిని (ఊరి ద్వారం) దగ్గరి బావి నీళ్ళు ఎవరైనా తెచ్చి ఇస్తే ఎంత బాగుండునని అతడు ఆశగా అన్నాడు. అది ఆజ్ఞ కాదు, దాహంతో ఉన్న మనిషి తన చిన్ననాటి బావిని తలచుకొని అన్న మాట. ముగ్గురు మనుష్యులు ఆ మాట విని, దాదాపు 20 కిలోమీటర్ల దూరం వెళ్ళి, శత్రువుల దండులోగుండా చొరబడి, నీళ్ళు చేది తెచ్చారు. దావీదు వాటిని త్రాగలేదు, యెహోవా సన్నిధిని పారబోశాడు.

ఎందుకో అతడే చెప్పాడు. ప్రాణానికి తెగించి వెళ్ళిన మనుష్యుల రక్తాన్ని నేను త్రాగుతానా అని అన్నాడు. ధర్మశాస్త్రం తెలిసిన ఇశ్రాయేలీయునికి ఈ మాట ఎంత లోతైనదో ద్వితీయోపదేశకాండము 12:16 చదివితే తెలుస్తుంది. రక్తాన్ని తినకూడదు, దానిని నీళ్ళవలె నేలమీద పారబోయాలి అని అక్కడ ఉంది. రక్తం ప్రాణానికి సంబంధించినది కనుక అది దేవునిది. ఆ ముగ్గురు తెచ్చిన నీళ్ళను దావీదు రక్తంగా ఎంచాడు. అంటే వారి ప్రేమను, వారి ప్రాణత్యాగాన్ని తన దాహం తీర్చుకొనడానికి వాడుకొనే హక్కు తనకు లేదని, అటువంటి సమర్పణను అందుకొనదగినవాడు దేవుడు ఒక్కడే అని ఒప్పుకొన్నాడు. వారి కానుకకు ఇంతకంటె ఎక్కువ ఘనత ఎవరూ ఇవ్వలేరు. వారు దావీదు కోసం తెచ్చారు, దావీదు దానిని వారి పేరున దేవునికి అర్పించాడు.

నమ్మకత్వం గురించి ఈ పేజీలో చెప్పదలచుకొన్నది అంతా ఈ నీళ్ళ పాత్రలోనే ఉంది. అనుచరుడు తన ప్రేమ కొద్దీ ప్రాణం పెట్టడానికి సిద్ధపడవచ్చు. నాయకుడు ఆ ప్రాణాన్ని తన సొంతానికి త్రాగకూడదు. కూలి డబ్బులలో నుండి కానుక వేసే స్త్రీ, రాత్రంతా మందిరం పందిరి కట్టే యువకుడు, సభలకు వచ్చినవారికి తెల్లవారుజామునే లేచి వంట చేసే తల్లి తెచ్చేవి అన్నీ బేత్లెహేము నీళ్ళే. వాటిని ఎవరి పేరు ప్రతిష్ఠల కోసం వాడుతున్నామో సంఘ కాపరులు, పెద్దలు తమను తాము పరీక్షించుకోవాలి.

అదే దావీదు ఊరియా విషయంలో అలా ఎందుకు చేశాడు?

రెండు సంఘటనలను పక్కపక్కన ఉంచి చదవాలి. నీళ్ళు పారబోసినప్పుడు దావీదు గుహలో ఉన్న మనిషి. 2 సమూయేలు 11వ అధ్యాయం నాటికి అతడు యెరూషలేములో మేడ మీద ఉన్న రాజు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో అతడు తన సైన్యాధిపతి యోవాబును, సైన్యాన్ని పంపి తాను నగరంలో నిలిచిపోయాడు. తన పరాక్రమశాలులలో ఒకడైన హిత్తీయుడగు ఊరియా భార్యను తెప్పించుకొన్నాడు, ఆ పాపాన్ని కప్పిపుచ్చడానికి ఊరియాను యుద్ధరంగం నుండి పిలిపించి ఇంటికి వెళ్ళమన్నాడు.

ఊరియా ఇచ్చిన జవాబు బైబిలులోని అతి శ్రేష్ఠమైన మాటలలో ఒకటి. మందసమూ ఇశ్రాయేలువారూ యూదావారూ గుడారాలలో ఉండగా, నా అధిపతి యోవాబు, అతని సేవకులు బయట దండులో ఉండగా నేను ఇంటికి వెళ్ళి సుఖపడతానా అని అతడు అన్నాడు. మరునాడు దావీదు అతనికి మద్యం త్రాగించి మత్తుని చేసినా అతడు రాజనగరు సేవకుల మధ్యనే పడుకొన్నాడు. మత్తులో ఉన్న ఊరియా మెలకువగా ఉన్న దావీదు కంటె ధర్మంగా ప్రవర్తించాడు. ఆ తరువాత తన మరణాజ్ఞ ఉన్న ఉత్తరాన్ని తన చేతనే యోవాబుకు మోసుకొనిపోయాడు.

2 సమూయేలులోని జాబితాలో చివరి పేరు హిత్తీయుడైన ఊరియా. దావీదు గొప్పదనాన్ని చాటే జాబితాను చదువుతూ వచ్చినవారు ఆఖరున ఆ పేరు దగ్గర ఆగవలసిందే. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలోని వంశావళి కూడా సొలొమోను తల్లిని ఊరియా భార్యగా ఉండిన ఆమె అనే పేర్కొంటుంది. నమ్మకస్తుడైన సేవకునికి జరిగిన అన్యాయాన్ని దేవుడు మరచిపోలేదు. దావీదు పశ్చాత్తాపపడ్డాడు, క్షమాపణ పొందాడు, కాని ఊరియా పేరు చెరిగిపోలేదు. సంఘంలో నమ్మకంగా పనిచేసి, నాయకుల చేతిలోనే గాయపడినవారు మన మధ్య ఉన్నారు. వారికి "క్షమించి మరచిపొండి" అని తొందరపడి చెప్పకముందు మనం ఈ అధ్యాయాన్ని పూర్తిగా చదవాలి.

సంఘ నాయకుడు తప్పు చేస్తే విశ్వాసి మౌనంగా ఉండటమే నమ్మకత్వమా? "యెహోవా అభిషిక్తుని ముట్టకూడదు" అని ఉంది కదా?

ఆ మాట సందర్భాన్ని చూడాలి. 1 సమూయేలు 26వ అధ్యాయంలో, దావీదును వెంటాడుతున్న రాజైన సౌలు నిద్రిస్తున్నాడు, దావీదు వెంట ఉన్న అబీషై ఈటెతో ఒక్క పోటు పొడుస్తానని దావీదును అడిగాడు. యెహోవా అభిషిక్తుని చంపి నిర్దోషి కాగలవాడు ఎవడని దావీదు అతనిని ఆపాడు. అక్కడ నిషేధించబడినది హత్య, సత్యం మాట్లాడటం కాదు. అదే రాత్రి దావీదు కొండ మీద నిలబడి, నేను ఏమి చేశాను, నన్ను ఎందుకు తరుముతున్నావు అని సౌలును అందరికీ వినబడేటట్లు అడిగాడు. తరువాతి కాలంలో నాతాను ప్రవక్త దావీదు ఎదుట నిలిచి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అభిషిక్తుని ముట్టకూడదనే మాటను, కానుకల లెక్క అడిగినవారి నోరు మూయించడానికి, లేదా ఒక స్త్రీకి జరిగిన అన్యాయాన్ని దాచడానికి ఉపయోగించడం వాక్యాన్ని వక్రీకరించడమే.

ఇంకా స్పష్టమైన ఉదాహరణ 1 సమూయేలు 22వ అధ్యాయంలో ఉంది. నోబులోని యాజకులను చంపమని సౌలు తన చుట్టూ నిలిచి ఉన్న కాపలా భటులకు ఆజ్ఞాపించాడు. వారు యాజకుల మీద చేయి వేయడానికి ఒప్పుకోలేదు. వారి పేర్లు మనకు తెలియవు, వారు దావీదు మనుష్యులు కారు, సౌలు సేవకులే. ఆ రోజు వారు రాజు మీద తిరుగుబాటు చేయలేదు, రాజును పొడవలేదు, ఆ పాపంలో మాత్రం పాలు పొందలేదు. ఎదోమీయుడైన దోయేగు ఆ ఆజ్ఞను నెరవేర్చి 85 మందిని చంపాడు. ఆ రోజున రాజు ఆజ్ఞను పాటించినవాడు దోయేగే, అయినా అతనిని నమ్మకమైన యోధుడని లేఖనం ఎక్కడా అనలేదు.

యోవాబును కూడా ఇదే వెలుగులో చూడాలి. దావీదు రాజ్యాన్ని నిలబెట్టినవారిలో అతని కంటె ఎక్కువ శ్రమించినవాడు బహుశా లేడు. జనసంఖ్య తీయవద్దని రాజుకు ధైర్యంగా చెప్పినవాడు కూడా అతడే. అయితే ఊరియాను చంపమన్న ఉత్తరం వచ్చినప్పుడు అతడు ఎదురు చెప్పలేదు. సైన్యాధిపతులైన అబ్నేరును, అమాశాను మోసంతో చంపాడు, తిరుగుబాటు చేసిన దావీదు కొడుకు అబ్షాలోమును కాపాడమన్న ఆజ్ఞను మీరాడు, చివరికి సొలొమోనుకు పోటీగా రాజు కావాలని చూసిన అదోనీయా పక్షాన చేరాడు. 2 సమూయేలు 23లో అతని సహోదరులైన అబీషై, అశాహేలు పేర్లు, అతని ఆయుధాలు మోసినవాని పేరు కూడా ఉన్నాయి. యోవాబు పేరు మాత్రం ఆ సహోదరుల వివరం చెప్పేటప్పుడూ ఆ ఆయుధాలు ఎవరివో చెప్పేటప్పుడూ వస్తుందే తప్ప, పరాక్రమశాలులలో ఒకనిగా రాదు.

కాబట్టి నాయకుని విషయంలో ఆందోళన కలిగితే గుసగుసలు మాని, ఇద్దరు ముగ్గురు సాక్షులతో 1 తిమోతి 5:19లో చెప్పిన విధంగా పెద్దల ఎదుటికి తీసుకొనివెళ్ళాలి. జరిగినది చట్టం దృష్టిలో నేరమైతే, ముఖ్యంగా పిల్లలకు గాని స్త్రీలకు గాని హాని జరిగితే, సంఘం పరువు పోతుందని దాచకూడదు. పోలీసులకు తెలియజేయాలి.

నా కుటుంబం నా విశ్వాసాన్ని వ్యతిరేకిస్తోంది. యోనాతాను జీవితం నాకు ఏమి చెబుతుంది?

యోనాతాను రెండు వైపులా బంధం ఉన్న మనిషి. సౌలు కుమారుడిగా సింహాసనానికి వారసుడైన అతడు దావీదుతో నిబంధన చేసుకొని తన దుప్పటిని, కత్తిని, విల్లును అతనికి ఇచ్చాడు. తండ్రి కోపంతో తన మీదికే ఈటె విసిరినా దావీదును అప్పగించలేదు. అరణ్యంలో దాగి ఉన్న దావీదు దగ్గరికి వెళ్ళి దేవుని బట్టి అతనిని బలపరచాడు. అయినా తండ్రిని విడిచిపెట్టలేదు. గిల్బోవ కొండ మీద తండ్రితో కలిసి యుద్ధం చేస్తూ మరణించాడు.

ఇంటిలో ఒంటరిగా ప్రభువును నమ్ముకొన్నవారు, ముఖ్యంగా కొత్త కోడళ్ళు, కళాశాలలో చదివే పిల్లలు, యోనాతాను నుండి రెండు సంగతులను కలిపి నేర్చుకోవచ్చు. తండ్రి తప్పును ఒప్పు అనలేదు, తండ్రి మీద ద్వేషాన్నీ పెంచుకోలేదు. తల్లిదండ్రుల వృద్ధాప్యంలో వారిని చూసుకొనడం, వారి పొలం పనులలో నిలబడటం, వారికి జబ్బు చేస్తే ఆసుపత్రిలో రాత్రంతా కూర్చోవడం విశ్వాసానికి విరుద్ధం కాదు. మనస్సాక్షికి విరుద్ధమైనది చేయమన్నప్పుడు మాత్రం మర్యాదగా, స్పష్టంగా కాదనాలి.

కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి, బయటి ఊరి నుండి వచ్చినవారికి సంఘంలో బాధ్యతలు ఇవ్వవచ్చా?

గిత్తీయుడైన ఇత్తయి గొల్యాతు ఊరివాడు. అబ్షాలోము తిరుగుబాటులో దావీదు యెరూషలేము విడిచి పారిపోతున్నప్పుడు, నీవు నిన్ననే వచ్చావు, తిరిగి వెళ్ళు అని రాజే అతనితో అన్నాడు. చావైనా బ్రతుకైనా నా రాజు ఉన్న చోటనే నేను ఉంటానని యెహోవా జీవము తోడు ఒట్టుపెట్టి ఇత్తయి కిద్రోను వాగు దాటాడు. దావీదు కొడుకు, దావీదు ఆలోచనకర్త అహీతోపెలు అవతలి పక్షాన ఉండగా, నిన్న వచ్చిన పరదేశి ఇవతల నిలబడ్డాడు. మూడు భాగాలు చేసిన సైన్యంలో ఒక భాగానికి దావీదు అతనినే అధిపతిగా నియమించాడు.

పరాక్రమశాలుల జాబితాలో అమ్మోనీయుడైన జెలెకు ఉన్నాడు, దినవృత్తాంతములలో మోయాబీయుడైన ఇత్మా ఉన్నాడు, హిత్తీయుడైన ఊరియా ఉన్నాడు. మన సంఘాలలో ఇంకా కొన్ని చోట్ల పెద్దలుగా ఎవరు కూర్చోవాలి, రొట్టె ఎవరు విరవాలి అనే మాట కులాన్ని బట్టో వంశాన్ని బట్టో తేలుతోంది. దీనిని బాధతో రాయవలసి వస్తోంది. దావీదు జాబితాను ప్రకటించే నోటితో ఆ భేదాన్ని సమర్థించడం కుదరదు. అనుభవం లేనివానికి హడావిడిగా పెద్దరికం ఇవ్వవద్దని 1 తిమోతి 3:6 చెప్పిన జాగ్రత్త వేరే విషయం, దానిని తప్పక పాటించాలి.

నేను పరిచర్యకు వెళ్ళలేను. ఇంటి పట్టునే ఉండేవారికి ఈ కథలలో స్థానం ఉందా?

1 సమూయేలు 30వ అధ్యాయంలో అమాలేకీయులు, దావీదు తన మనుష్యులతో నివసిస్తున్న సిక్లగు ఊరిని కాల్చివేసి భార్యాబిడ్డలను చెరపట్టుకొనిపోయారు. దావీదు 600 మందితో తరిమాడు. బెసోరు వాగు దగ్గరికి వచ్చేసరికి 200 మంది సొమ్మసిల్లి వాగు దాటలేక సామాను దగ్గర నిలిచిపోయారు. విజయం తరువాత, వెంట వెళ్ళినవారిలోని దుర్మార్గులు కొందరు, వీరి భార్యాపిల్లలను తప్ప దోపుడుసొమ్ము ఏదీ వీరికి ఇవ్వకూడదన్నారు. యెహోవా మనకు ఇచ్చిన దానిలో యుద్ధానికి వెళ్ళినవాని భాగం ఎంతో సామాను దగ్గర నిలిచినవాని భాగమూ అంతే అని దావీదు తీర్పు చెప్పాడు, అది ఇశ్రాయేలీయులలో కట్టడగా నిలిచింది.

కోనసీమ నుండి, పశ్చిమ గోదావరి నుండి ఎందరో తల్లులు కువైటుకు, దుబాయికి పనికి వెళ్ళారు. వారి పిల్లలను అమ్మమ్మలు, నాయనమ్మలు పెంచుతున్నారు. వెళ్ళిన తల్లి పరాయి ఇంట్లో రాత్రి పని ముగించుకొని ఫోనులో పిల్లలతో ప్రార్థన చేస్తుంది, ఇక్కడ ముసలి తల్లి ఆ పిల్లలను ఆదివారం మందిరానికి నడిపిస్తుంది. ఇద్దరికీ సమాన భాగం. మోకాళ్ళ నొప్పులతో కూడికలకు రాలేక మంచం మీదనే పేరు పేరునా ప్రార్థించేవారికీ అదే భాగం. సంఘ వార్షికోత్సవంలో శాలువాలు కప్పేటప్పుడు బెసోరు దగ్గర నిలిచినవారిని గుర్తుపెట్టుకోవాలని పెద్దలను కోరుతున్నాము.

గాదీయులు పొంగిన యొర్దానును దాటారు కదా, వరదలో గోదావరి దాటి కూడికలకు వెళ్ళడం విశ్వాసమేనా?

కాదు. 1 దినవృత్తాంతములు 12:15లో గాదీయులు గట్లు పొర్లుతున్న యొర్దానును దాటారని ఉంది, అది యుద్ధకాలంలో దావీదును చేరడానికి తరిఫీదు పొందిన యోధులు చేసిన పని. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగురవేసిన రోజున లంకకు నాటుపడవ మీద బయలుదేరడం ధైర్యం కాదు, ప్రభువైన దేవుని శోధించడమే. 1986 వరదను, 1996 నవంబరు తుపానును చూసిన పెద్దలు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, వారిని అడగండి. వరదకాలంలో నమ్మకత్వం చూపదలచినవారు పునరావాస కేంద్రంలో వంటకు చేయి కలపవచ్చు, మతం అడగకుండా అందరికీ వడ్డించవచ్చు.

క్రైస్తవులు యుద్ధాల కథల నుండి ప్రేరణ పొందడం సరైనదేనా?

జాగ్రత్తతో అయితే సరైనదే. యేసు ప్రభువు పట్టబడిన రాత్రి పేతురు కత్తి దూసి ప్రధానయాజకుని దాసుని చెవి నరికినప్పుడు, కత్తిని ఒరలో పెట్టమని ప్రభువు ఆజ్ఞాపించాడు. మనం పోరాడేది శరీరులతో కాదని ఎఫెసీయులకు 6:12లో ఉంది. మందిరం కట్టాలని ఆశించిన దావీదుకే, నీవు విస్తారంగా రక్తం ఒలికించావు కనుక కట్టకూడదని దేవుడు చెప్పాడు. కాబట్టి ఈ కథలను అన్యమతస్థుల మీద గాని, పక్క సంఘం మీద గాని కోపం రేపడానికి వాడటం పాపం. పొరుగువాడు ఫిలిష్తీయుడు కాడు.

సైన్యంలో, పోలీసు శాఖలో పనిచేసే విశ్వాసుల మాట ఏమిటి?

లూకా 3:14లో సైనికులు అడిగినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను ఉద్యోగం మానమని చెప్పలేదు. ఎవరినీ బాధపెట్టి సొమ్ము గుంజవద్దని, అపనింద వేయవద్దని, జీతంతో తృప్తి పొందమని చెప్పాడు.

మన ప్రాంత సంఘ చరిత్రలో ఇటువంటి నమ్మకత్వం కనబడుతుందా?

తప్పక కనబడుతుంది. విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు మిషనరీలు తమ భార్యలతో కలిసి 1836లో ఈ దేశానికి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో పరిచర్య చేశారు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. దాని పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. 1832–33 కరువు దెబ్బ నుండి ఈ నేల ఇంకా కోలుకోలేదు. భాష నేర్చుకొంటూ, జ్వరాలతో, పెద్దగా ఫలితం కనబడని సంవత్సరాలు గడిపారు. అయితే వారిని మాత్రమే తలచుకొని ఆగడం న్యాయం కాదు. వారి మాట విని మొదటగా బాప్తిస్మం పొంది, ఊరిలో వెలివేతను భరించి, రాత్రి దీపం దగ్గర పిల్లలకు వాక్యం నేర్పిన మన పూర్వీకులలో చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. మీ ఇంటిలో అటువంటి తాత, అమ్మమ్మ ఉంటే, వారి సాక్ష్యాన్ని వారి నోటనే విని ఈ సంవత్సరమే రాసి పెట్టుకొనండి.

ఈ అంశాన్ని సంఘంలో ఏ క్రమంలో చదవడం మంచిది?

2 సమూయేలు 23తో మొదలుపెట్టవద్దని మా సలహా. ముందుగా 1 సమూయేలు 22 చదివి అదుల్లాము గుహను, నోబు భటులను చూడండి. తరువాత 30వ అధ్యాయంలోని బెసోరు వాగు, 2 సమూయేలు 15లోని ఇత్తయి, ఆ తరువాత వెనక్కి వచ్చి 11, 12 అధ్యాయాలు చదవండి. ఊరియా కథ మనస్సులో ఉండగా 23వ అధ్యాయంలోని జాబితాను ఒకరు బిగ్గరగా, పేర్లను దాటవేయకుండా చదవాలి. నాట్లు, కోతల రోజులలో కూలి పనికి వెళ్ళేవారు రాలేరు కనుక అవి ముగిసిన తరువాత సాయంత్రాలు పెట్టుకోవడం మేలు. చర్చ జరిగేటప్పుడు సంఘ కాపరి, పెద్దలు వేదిక మీద కాకుండా అందరితో కలిసి చాపల మీద కూర్చోవాలి. ఊరియా అధ్యాయం మీద మొదటి ప్రశ్నకు జవాబు వారే చెప్పాలి.